కడుపులో నిలిచిన కోల్‌స్లా

నాకు మూడో నెల నడుస్తున్నప్పుడు ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. పోపు వాసన వస్తే చాలు, బాత్రూమ్‌కి పరుగు. అన్నం ఉడికే వాసన కూడా పడేది కాదు. అలాంటప్పుడు ఒక సాయంత్రం మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో సూపర్‌మార్కెట్ నుంచి చిన్న డబ్బాలో కోల్‌స్లా, అదే మయోనైజ్ కలిపిన పచ్చి క్యాబేజీ సలాడ్, తెచ్చారు. చల్లగా, తీపీ పులుపూ కలిసి, పెద్దగా వాసన లేకుండా ఉంది. డబ్బా మొత్తం తిన్నాను. వాంతి కాలేదు. ఇక రోజూ అదే.

పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరమ్మకు ఆ మాట సంబరంగా చెప్పాను. ఆవిడ ముఖం చిట్లించారు. "బయటి మయోనైజ్‌లో పచ్చిగుడ్డు వేశారో లేదో, ఎప్పుడు కలిపారో మనకు తెలీదు. ఇప్పుడది వద్దమ్మా. అంతగా తినాలనిపిస్తే ఇంట్లో పెరుగుతో చేసుకో" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. వంటింట్లో నిలబడితేనే కళ్లు తిరుగుతుంటే ఇక చేసుకునేదెక్కడ?

అల్మాస్‌గూడలోని మా ఇంట్లో పగలు నేనూ మామగారే ఉండేవాళ్లం. అత్తగారు చంపాపేట్‌లో బట్టలు కుట్టే షాపుకి వెళ్లేవారు. మామగారు నల్గొండ నుంచి గడ్డిఅన్నారం మార్కెట్‌కు బత్తాయి లోడ్లు తోలిన మనిషి. మార్కెట్ తరలిపోయాక వ్యాన్ అమ్మేసి ఇంటిపట్టునే ఉంటున్నారు. నా పుట్టిల్లు బాపట్ల వైపు. పెళ్లయి ఏడాది దాటినా "టీ పెట్టమంటారా", "పెట్టు బిడ్డా" అనే మాటలకు మించి మా మధ్య ఏమీ ఉండేవి కావు.

కోల్‌స్లా సంగతి మా ఆయన చెప్పినట్టున్నారు, మర్నాడు మామగారు క్యాబేజీతో వచ్చారు.

"ఏమేమేస్తరు బిడ్డా దాంట్ల?"

"మీరెందుకండీ మామయ్యగారూ..."

"ఏంది, నేను కోస్తె తెగదా? నువ్వు గాడ్నే కూసో, వంటింట్లకు రాకు. ఎట్లనో చెప్పు, చాలు."

గుమ్మం ఇవతల కుర్చీలో కూర్చుని చెప్పాను. ఆయన ఆకులు ఉప్పునీళ్లలో కడిగి, తరిగి, క్యారెట్ తురిమి, పెరుగు, చక్కెర, నిమ్మరసం, మిరియాల పొడి కలిపారు. గిన్నె నా చేతికొచ్చేసరికి మజ్జిగలో క్యాబేజీ తేలుతున్నట్టుంది. ఒక్క చెంచాకే కడుపు తిప్పింది. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

"పరేషాన్ గాకు. నీళ్లెక్కువైనయ్, గంతే" అన్నారు.

ఈసారి మిగిలిన పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి సింక్ కుళాయికి వేలాడదీశారు. మళ్లీ తరిగిన క్యాబేజీకి ఉప్పు పట్టించి, కాసేపాగి, రెండు చేతులతో గట్టిగా పిండారు. కలిపి ఫ్రిజ్‌లో పెట్టి మధ్యాహ్నం తెచ్చిచ్చారు. డబ్బాలోదానంత నున్నగా, తియ్యగా లేదు. ముక్కలు ఒకటి సన్నం, ఒకటి లావు. కానీ కరకరలాడింది. నిమ్మకాయ పులుపుకి ప్రాణం లేచి వచ్చింది. గిన్నె ఖాళీ చేసి భయంభయంగా పడుకున్నాను.

లేచేసరికి సాయంత్రమైంది. మామగారు టీవీ కూడా పెట్టుకోకుండా హాల్లో కూర్చుని ఉన్నారు.

"నిలిచిందా బిడ్డా?"

"నిలిచింది మామయ్యగారూ."

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. "హమ్మయ్య! ఆగు, మీ అత్తకు చెప్త. పొద్దటిసంది ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నది" అంటూ ఫోన్ తీశారు.

నాతోపాటు వీళ్లంతా ఇంత భయపడుతున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో నిజంగా ఆకలేసింది కూడా.

"ఇంకా కొంచెం ఉందా?" అని అడిగాను.