రెప్ప కదిలిన మూడు సెకన్లు

రెండువేల సంవత్సరంలో మనవాడెవడైనా సింగపూర్‌లో కనబడితే అడిగే మొదటి ప్రశ్న, "జావానా, మెయిన్‌ఫ్రేమా?" నేను "తొమ్మిదో తరగతి, అదీ లెక్కల్లో పోయింది" అనేవాణ్ణి. పాపం, నాది సాఫ్ట్‌వేర్ కాదని తెలియగానే వాతావరణం గురించి మాట్లాడేవారు. ఇక్కడ వాతావరణం గురించి మాట్లాడటానికేముంది? రోజూ ఎండ, రోజూ వాన. కాకపోతే ఆ తేమే నాకు అన్నం పెట్టింది.

తేమకి వీడియో క్యాసెట్లు బూజు పడతాయి. పాయా లేబర్‌లో కరీం భాయ్ అనే హైదరాబాదీ నడిపే కొట్లో వాటిని బాగుచేయడం నా పని. బూజు తుడుస్తాం. టేపు నలిగినచోట కోసేసి, రెండు కొసలూ కలిపి అతికిస్తాం. దీన్ని స్ప్లైసింగ్ అంటారు. రెండు మూడు సెకన్ల బొమ్మ పోతుంది. ఏ సినిమాలోనైనా అంతమాత్రం పోతే ఎవరికీ తెలియదని నా నమ్మకం.

ఒక సోమవారం నోరా ఆంటీ ఒక క్యాసెట్ ఇచ్చి వెళ్లారు. తంజోంగ్ పగార్‌లో పిల్లలకు పియానో నేర్పే ఐరిష్ ఆవిడ. అందులో ఉన్నది వాళ్ల దేశపు పాత తిరుగుబాటు మీద టీవీ నాటకం. బుధవారం నేను బూజు తుడిచి, బాగా నలిగిన నాలుగు వేళ్ల ముక్క కోసి, చెత్తబుట్టలో పడేసి, ఈల వేసుకుంటూ అతికించాను.

గురువారం పదకొండుకి ఆవిడ ఫోన్ చేశారు. మా మాటలు ఇంగ్లీషులో నడిచేవి. నా ఇంగ్లీషును దాచిపెట్టడానికే తెలుగులో రాస్తున్నాను.

"వీధిలో శవాలు పడుకోబెట్టిన చోటు బాగుందా? మూడో శవం మా తమ్ముడు."

"శవమా ఆంటీ?"

"వేషం. వాడు బస్సు డ్రైవరు. ఒక్కరోజు నటించాడు. చచ్చినవాడు రెప్ప కదపకూడదు కదా, కదిపాడు. పోయినేడు నిజంగానే పోయాడు. కదులుతున్న బొమ్మ నా దగ్గర అదొక్కటే. రోజూ అక్కడే ఆపి చూసుకుంటాను. నాలుగింటికి వస్తాను."

ఫోన్ పెట్టేసి చెత్తబుట్ట వైపు చూశాను. ఒకేచోట ఆపి చూస్తే, మిషన్‌లో బొమ్మను చదువుతూ తిరిగే హెడ్డు టేపును అక్కడే గీకుతూ ఉంటుంది. నేను కోసిపారేసింది అదే.

"ఏం జేసినవ్ భై?" అన్నాడు కరీం భాయ్, నా మొహం చూసి. చెప్పాను. "యా అల్లా! చెత్త డబ్బా ఖాళీ జేసినవా?"

చేయలేదు. నా బద్ధకానికి మొదటిసారి దణ్ణం పెట్టుకున్నాను. కానీ బుట్టలో వారం రోజుల కోతలున్నాయి. సినిమా ఫిల్మైతే వెలుగుకి పట్టి చూస్తే బొమ్మ కనబడుతుంది. వీడియో టేపు మీద ఏమీ కనబడదు, అన్నీ ఒకే గోధుమరంగు పీలికలు. ఒక్కొక్కటీ ఖాళీ క్యాసెట్‌లో అతికించి ఆడించాలి. పాడైన ముక్క ఆడించిన ప్రతిసారీ ఇంకాస్త పాడవుతుంది.

మొదటిది ఎవరిదో పెళ్లి. రెండోది క్రికెట్. ఐదోది తెగి హెడ్డుకి చుట్టుకుంది.

"అదే అయ్యుంటే?" అన్నాను.

"నోర్ముయ్, ఇంకోటి పెట్టు."

తొమ్మిదోదానికి తెర మీద మంచు కురిసినట్టయింది. దాని వెనక ఒక తల్లి చేయి. నాకు ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలియదు. ఆ తల్లి ఒక్కొక్క మొహం తిప్పి తన కొడుకేమోనని చూస్తోందని మాత్రం తెలిసింది. దొరికింది, ఇంకా అరక్కుండా అక్కడే మిషన్ ఆపేశాను.

అప్పటికి మూడున్నర. పీలికను అసలు క్యాసెట్‌లో దాని చోటే అతికించి, ఆ ఘట్టం మాత్రం రెండో మిషన్‌లో కాపీకి పెట్టాం. ఒక్కసారే ఆడించాలి. అతుకు దగ్గర కరీం భాయ్ నా భుజం పట్టుకున్నాడు. మంచు, చేయి, మొహం. రెప్ప కదిలింది.

నాలుగింటికి నోరా ఆంటీ వచ్చి, కాపీలో అది చూసి, స్టూలు లాక్కుని తెర ముందు కూర్చున్నారు. నేను జరిగిందంతా చెప్పేశాను. టేపు ఎక్కువ అరిగిన చోటే ఎవరో ఎక్కువ ఇష్టపడిన చోటని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత అడక్కుండా ఏదీ కోయలేదు.

ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే నా నోరు ఊరుకుంటుందా? "శవం రెప్ప కదిపితే డైరెక్టరు తిట్టలేదా ఆంటీ?" అన్నాను.

"తిట్టే ఉంటాడు," అన్నారావిడ క్యాసెట్ సంచిలో పెట్టుకుంటూ. "కానీ కత్తెర వేయలేదు. ఆ పని నువ్వు చేశావు."