ఇరవై అయిదు ఏ ఊరికి పోవాలి?

మడకశిరకు అవతల, తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఒక పల్లెలో నాకు మొదటి ఉద్యోగం. అరవైల మొదట్లో మాట. ఒకటే గది, అయిదు తరగతులు, నేనొక్కదాన్నే టీచరమ్మను.

నాలుగో తరగతి లెక్కల్లో సంఖ్యలను దగ్గరి పదికి సవరించే పాఠం వచ్చింది. ట్రైనింగులో నేర్పినట్టే బోర్డు మీద సూత్రం రాశాను. ఒకట్ల స్థానంలో అయిదుకు తక్కువుంటే కిందికి, అయిదూ ఆపైన ఉంటే పైకి. పిల్లలు గొంతెత్తి వల్లించారు. తీరా ఇరవై మూడును సవరించమంటే, ఒకడు పలక మీద ఉన్నదాన్ని ఉమ్మితో చెరిపి, ఈసారి మరింత ముద్దుగా ఇరవై మూడే రాసి చూపించాడు. వాడి తప్పేముంది? సవరించమన్నాను, సవరించాడు.

ఇలా కాదని అందరినీ బయటికి తీసుకొచ్చి, బూడిదతో నేల మీద పొడుగ్గా గీత గీశాను. ఒక కొసన ఇరవై, ఇంకో కొసన ముప్పై. మధ్య అంకెల దగ్గర పిల్లల్ని నిలబెట్టాను.

"ఇరవై అనేది ఒక ఊరు, ముప్పై అనేది ఇంకో ఊరు. ఎండ మాడ్చేస్తాంది. యా ఊరు దగ్గరైతే ఆ ఊరికి ఉరకండి!"

అందరూ సరిగ్గానే ఉరికారు. గొర్రెలు కాసే ఆయన కూతురు మాత్రం ఇరవై అయిదు దగ్గర కదలకుండా నిలబడింది.

"ఏమ్మా, నువ్వు పోవా?"

"రెండూ అంతే దూరం కదా టీచరమ్మా. నీళ్లు యా ఊర్లో ఉండాయో చెప్పు, ఆడికి పోతా."

ఆ ఏడు వానల్లేవు. ఊరి బావి అడుగంటింది. ఒక్కరూ నవ్వలేదు. అందరూ నా జవాబు కోసం చూశారు.

"ముప్పైలో ఉండాయి" అన్నాను.

ఆ పిల్ల ముప్పైకి ఉరికింది. ఆమె వెనకాలే ఇరవైలో ఉన్నవాళ్లంతా కట్టకట్టుకుని వచ్చేశారు.

"మీరెందుకు వచ్చినారు?"

"నీళ్లు లేని ఊర్లో ఏం జేసేది టీచరమ్మా?"

మరునాడు రెండు ఊర్లలోనూ నీళ్లున్నాయన్నాను. "నిన్న లేవంటివే?" అన్నారు. రాత్రి వాన పడిందన్నాను. అందరూ తలెత్తి ఆకాశం వైపు చూశారు. ఆ పిల్ల మళ్లీ ఇరవై అయిదు దగ్గరే నిలబడింది. ఇక లాభం లేదని ఆ పిల్లతో, "ముప్పైలో మీ మేనమామ ఇల్లుండాది అనుకో" అన్నాను. ముఖం వెలిగిపోయింది. అప్పట్నుంచి ఇరవై అయిదు తిన్నగా ముప్పైకే పోయేది.

కొన్నాళ్లకు ఇన్‌స్పెక్టరు వచ్చారు. బస్సు దిగి నడిచొచ్చినందుకు మోకాళ్ల దాకా ఎర్రమట్టి. నాలుగో తరగతిని నిలబెట్టి, ఆ పిల్లనే అడిగారు.

"ఇరవై అయిదును దగ్గరి పదికి సవరిస్తే?"

"ముప్పై సార్."

"ఎందుకు?"

నేను కిటికీ వైపు తిరిగాను.

"ఆడ మా మామ ఉండాడు సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ముప్పై అయిదు?"

"నలభై."

"అక్కడెవరున్నారు?"

"పెద్దమామ."

"మరి అరవై అయిదు?"

"డెబ్బై. ఆడ ఎవరూ లేరు సార్. ఉండేది ఇద్దరే మామలు. అయినా పోతాం, అలవాటైపోయినాది."

ఆయన నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకున్నాక నన్ను పక్కకు పిలిచారు. నేను భయంభయంగా సూత్రం అప్పజెప్పాను.

"సూత్రం నాకూ వచ్చమ్మా. అయిదు పైకే ఎందుకు పోవాలని అడిగితే మా అయ్యవారు బెత్తం తీసేవాడు. మీరు మామనన్నా చూపించినారు."

మరుసటి రోజు పొద్దున్నే ఆ పిల్ల నాయన బడి ముందు నిలబడి ఉన్నాడు.

"సార్ దావలో నన్ను నిలబెట్టి నా కూతురి గురించి అడిగినాడు. ఏం తప్పు చేసినాది?"

"తప్పు కాదన్నా, బాగా జవాబు చెప్పింది. ఐదో తరగతికీ పంపించు."

నాలుగుతో మాన్పించి మందకు తోలాలని ఆయన ముందే అనుకున్నాడు. కాసేపు తల గోక్కుని, "గొర్రెలు నేను చూసుకుంటా. గొర్రెపిల్లలు రెండుండాయి, అవి దాన్ని వదిలి ఉండవు" అన్నాడు.

ఐదో తరగతికి ఆ పిల్ల వచ్చింది. కిటికీ చువ్వకు కట్టిన రెండు గొర్రెపిల్లలు ఏడాదంతా నా కంటే గట్టిగా పాఠం చెప్పాయి.