పాచి కాదు

"మీ అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని ఎవరడిగినా మా అమ్మ తడుముకోకుండా "పాచిపని" అనేది. అడిగినవాళ్ళు నేను నాలుగిళ్ళలో అంట్లు తోముతున్నాననుకుని జాలిగా చూసేవారు. నందిగామ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, నీళ్ళలో వెలుగు తిని బతికే బాక్టీరియా మీద పరిశోధన చేస్తున్నానని నేను వివరించే లోపే వెళ్ళిపోయేవారు.

"పాచి కాదమ్మా. పాచి పచ్చగా ఉంటుంది. ఇది వేరు," అని మొత్తుకునేదాన్ని.

"కంపు మాత్రం ఒకటేగా," అనేది.

కంపు సంగతి నిజమే. పెనుగంచిప్రోలు దగ్గర మునేటి ఒడ్డున ఒక మడుగు ఉండేది. అడుగున నల్లటి బురద, దాని మీద గులాబీ రంగు పొర, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఆ పొర కనబడగానే చెప్పులతో సహా దిగిపోయాను. సీసా నింపుకుని బస్సెక్కితే మా ఊరు జగ్గయ్యపేట దాకా నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఆ నీటి చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే, ఒంట్లో గంధకం గింజలు మెరుస్తుండగా ఈదులాడే జీవులు కనిపించాయి. వాటిని విడదీసి, రంగు కొలిచి, ఇవి ఫలానా అని తేల్చాలంటే ముందు అవి పెరగాలి. పెరిగితే సీసాలో నీళ్ళు ఎర్రబడతాయి. అవేమో పెరగవు. ఈలోగా మునేరు పొంగి ఆ మడుగును ఊడ్చుకుపోయింది. మిగిలింది నా దగ్గరున్న సీసా ఒక్కటే. "అది ఎర్రబడకపోతే టాపిక్ మార్చేసుకోమ్మా," అన్నారు గైడు గారు. ఏళ్ళ తరబడి చేసిన పని. నిజంగా భయమేసింది.

ఆ మహాతల్లులకు మన కంటికి ఆనని వెలుగు కావాలి, ఎరుపుకి అవతలిది. ఎండలో ఉంటుంది గానీ, ముసురు పట్టి ఎండ మొహం చాటేసింది. ఎల్ఈడీ బల్బుల్లో అది ఉండదు. పాత పసుపు బల్బులో పుష్కలం. పేటలో షాపులన్నీ తిరిగాను.

"ఆ బల్బులు ఇప్పుడెక్కడున్నయ్ మేడం?" అని నవ్వారు.

విసుగెత్తి బేకరీకి వెళ్ళి ఎగ్ పఫ్ అడిగాను. పఫ్‌లు చల్లారకుండా ఆ అద్దాల పెట్టెలో దర్జాగా వెలుగుతోంది, పసుపు బల్బు! పఫ్ సంగతే మర్చిపోయాను.

"భాయ్, ఈ పెట్టె పక్కన ఒక సీసా పెట్టుకోనా?"

"ఏముంది మేడం దాంట్లో?"

"మునేటి బురద."

ఆయన పఫ్‌ల వంక చూశాడు, నా వంక చూశాడు. "మూత తియ్యరుగా?"

"తియ్యను."

"ఒట్టు?"

"ఒట్టు."

మరీ వేడెక్కకుండా అద్దానికి బయటివైపున పెట్టాం. రోజూ సాయంత్రం బస్సు దిగి చూసుకునేదాన్ని. అదే బురద, అదే మొహం. ఊరికే చూసి పోతే బాగోదని రోజూ ఒక పఫ్ తినేదాన్ని. సీసాలో ఏమీ పెరగలేదు గానీ నేను మాత్రం బాగా పెరిగాను.

ఒకరోజు భాయ్ గొంతు తగ్గించి చెప్పాడు. "అమ్మగారు కూడా రోజూ పొద్దున్నే వచ్చి చూసి పోతున్నారు మేడం. ఒక్క పఫ్ కొన్న పాపాన పోలేదు."

"ఏ అమ్మగారు?"

"మీ అమ్మగారే."

నమ్మలేదు. కంపని ఆ సీసాను ఇంటి గడప దాటనివ్వని మనిషి!

తర్వాతి ఆదివారం పొద్దున్నే నేనూ వెళ్ళాను. మెట్ల దగ్గర్నుంచే కనబడింది, సీసా నిండా బీట్‌రూట్ నీళ్ళ రంగు. గట్టిగా అరవబోయి ఆగాను. సీసా ముందు అమ్మ నిలబడి ఉంది. పక్కన ఒకాయన పర్సు తీస్తూ, "ఆ రోజ్ మిల్క్ ఎంతండీ?" అని అడుగుతున్నాడు.

"రోజ్ మిల్క్ కాదు బాబూ," అంది అమ్మ. "మునేట్లో దొరికింది."

"పాచా?"

"పాచి కాదు! పాచి పచ్చగా ఉంటది. ఇది వేరు."

"మరి దీని పేరేంటండీ?"

అమ్మ కొంగుతో సీసా మీద దుమ్ము తుడిచింది.

"ఇంకా పెట్టలేదు. మా అమ్మాయి పెట్టుద్ది."