పిస్తోలు మీద కుంకుమ బొట్టు

తెల్లవారి తలుపు తీయగానే రంగయ్య ముందు దేవుడి పటానికి దండం పెట్టి, తర్వాత కాఫీ మిషన్ ఆన్ చేస్తాడు. ముసలి ట్రక్కు డ్రైవర్లెవరైనా వస్తే వేళ్లు కాలకుండా కప్పుకి రెండో కప్పు తొడిగి ఇస్తాడు. ఆ చిన్న పనిని గుర్తుంచుకుని ఒకాయన ఏటా తన పెరటి పీకాన్ కాయలు సంచీలో పోసి తెచ్చిస్తాడు. అమెరికాలోని బెంటన్‌విల్ ఊరి చివర, పెట్రోలు పోసే గ్యాస్ స్టేషన్‌లో పద్నాలుగేళ్లు ఆయన జీవితం ఇలాగే నడిచింది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ముసుగు వేసుకున్న మనిషొకడు కౌంటర్‌లో ఉన్న ఆయన భార్య సుధ మెడకు కత్తి పెట్టాడు. దేవుడు చల్లగా చూశాడు, చిన్న గీత కూడా పడలేదు. కానీ రంగయ్య మనసు కుదుటపడలేదు. తుపాకీ వాడకం నేర్పే క్లాసుకు వెళ్లాడు, పరీక్ష రాశాడు, లైసెన్స్ తెచ్చుకుని నడుముకు పిస్తోలు పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచే కూతురు నైనిక ఆయన కార్ ఎక్కడం మానేసింది. తుపాకీతో ఎవడైనా బడిలోకి చొరబడితే ఎలా దాక్కోవాలో నేర్పడానికి, తలుపులు బిగించి, లైట్లు ఆర్పి, బల్లల కింద ఊపిరి బిగబట్టి కూర్చునే డ్రిల్లులు చేస్తూ బడిలో పెరిగిన పిల్ల. "అది ఉన్న కార్‌లో నేను కూర్చోను నాన్నా" అంది. అరవలేదు. అరిచినా బాగుండేదనుకున్నాడు రంగయ్య.

అంతకు ముందు ప్రతి శనివారం ఇద్దరూ కలిసి గుడికి వెళ్లేవారు. ముందు సీట్లో కాళ్లు మడిచి పెట్టుకుని, తెలుగు మాటలకు అర్థాలు అడుగుతూ దారంతా వాగేది. "నాన్నా, బెంగ అంటే ఇంగ్లీష్‌లో ఏంటి?" అని ఒకసారి అడిగితే ఆయనకు మాట తట్టలేదు. ఇప్పటికీ తట్టలేదు కానీ, ఈ రెండేళ్లలో దాని అర్థం మాత్రం బాగా తెలిసింది.

దసరా వెళ్లిన శనివారం, కాలేజీ నుంచి ఇంటికొచ్చిన నైనిక ఉన్నట్టుండి, "గుడికి నేనూ వస్తా. బట్ నో గన్, ఓకే? నీ దగ్గర లేదు కదా?" అంది.

తోలు ఒరతో గుడి మెట్లెక్కడం ఆయనకు ఇష్టం ఉండదు. అందుకని ప్రతి శనివారంలాగే ఆ పొద్దున కూడా పిస్తోలు నడుము నుంచి తీసి కార్‌లో ముందు సీటు ఎదురుగా, కాగితాలు పెట్టుకునే గ్లవ్ బాక్స్‌లో పెట్టేశాడు. "నా దగ్గర లేదమ్మా" అని నడుము తడిమి చూపించాడు. నోటికి అది అబద్ధం కాదు. మనసుకు తెలుసు.

"ఏమండోయ్, మీ ముఖం చూస్తే ఇవాళ మీకే పెళ్లిచూపుల్లా ఉంది" అని సుధ గుమ్మంలో నవ్వింది.

సగం దారిలో వెనక నీలం ఎరుపు దీపాలు వెలిగాయి. రంగయ్య కార్ పక్కకు ఆపి, అద్దం దించి, క్లాసులో నేర్పినట్టు రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు. పోలీసాయన కిటికీ దగ్గరికొచ్చి, "బ్రేక్ లైటొకటి వెలగడం లేదు సర్. లైసెన్స్, రిజిస్ట్రేషన్ ఇస్తారా?" అన్నాడు.

కార్డు అడగగానే, చెయ్యి కదపక ముందే, పిస్తోలు ఉందనీ, అది ఎక్కడుందో కూడా చెప్పాలని ఆ రాష్ట్రంలో నియమం. మాట నాలుక చివరే ఉంది. పక్కన రెండేళ్ల తర్వాత కూర్చున్న కూతురుంది. ఒక్క క్షణం తటపటాయించాడు.

ఆ క్షణంలోనే, "ఐ గాట్ ఇట్ నాన్నా" అంటూ నైనిక గ్లవ్ బాక్స్ మీదికి వంగింది.

"ముట్టుకోకమ్మా!"

ఆ తెలుగు కేక పోలీసాయనకు ఏమర్థమవుతుంది? ఆయన చెయ్యి నడుముకున్న తుపాకీ మీదికి వెళ్లింది.

రంగయ్య వేళ్లు స్టీరింగ్‌ను వదల్లేదు. ఒక్కొక్క మాటే కూడబలుక్కుని ఇంగ్లీషులో చెప్పాడు. "ఆఫీసర్, నాకు లైసెన్స్ ఉంది. గన్ ఆ బాక్స్‌లో ఉంది. అమ్మాయికి తెలియదు." నైనిక తనవైపు తిరగడం తెలుస్తూనే ఉంది. చూడలేకపోయాడు.

"చెప్పినందుకు థాంక్స్ సర్. మీరు మీదాని జోలికి పోకండి, నేను నాదాని జోలికి పోను" అన్నాడు పోలీసాయన. ఇద్దరినీ దింపి, నైనికను గడ్డి వైపు నిలబెట్టి, బండ్లు పోయే వైపు తను నిలబడ్డాడు. తర్వాత గ్లవ్ బాక్స్ తెరిచి పిస్తోలు తీసి, దాన్నే చూస్తూ ఆగిపోయాడు. పిడి మీద ఎర్రగా, ఎండి నల్లబారిన మరక.

"ఇదేంటి సర్? రక్తమా?"

"పూజ... ఫెస్టివల్... రెడ్ పౌడర్..." రంగయ్యకు ఇంగ్లీషంతా ఆవిరైపోయింది.

"నాన్నా, నాకు చెప్పు. నేను చెప్తా ఆయనకి" అంది నైనిక.

"దసరాకి పనిముట్లన్నిటికీ బొట్టు పెడతాం కదమ్మా, దీనికీ పెట్టాను. 'నిన్ను వాడే రోజు నాకు రాకూడదు తల్లీ' అని దానికి దండం పెట్టుకున్నాను. అంతే."

నైనిక గడ్డి వైపు చూస్తూ ఆ మాటలను పోలీసాయనకు ఇంగ్లీషులో చెప్పింది. రాకూడదు అన్న మాటను రెండుసార్లు చెప్పింది.

పోలీసాయన ముఖం మెత్తబడింది. "మా నానమ్మ ట్రాక్టర్‌కి ప్రార్థన చేసిన నూనె రాసేది" అన్నాడు. మరక మీద వేలు పడకుండా పట్టుకుని, పిస్తోలును ఎక్కడిదక్కడే పెట్టాడు. కార్డులు చూసి, బల్బు మార్పించుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

"నీ దగ్గర లేదన్నావు" అంది నైనిక.

"నడుముకి లేదని..."

"నాన్నా."

"అబద్ధమేనమ్మా. నువ్వు పక్కన కూర్చుంటావని ఆశపడ్డాను."

"నిజం చెప్పొచ్చు కదా?"

"చెప్తే వచ్చేదానివా?"

"నో." కార్ వైపు నడుస్తూ, "తెలీదు" అంది.

వెనక తలుపు తీసుకుని కూర్చుంది. "గుడికి వస్తా. ముందు కూర్చోను."

"సరేనమ్మా" అన్నాడు రంగయ్య. వచ్చే శనివారం సంగతి అడగబోయి మానుకున్నాడు. వెనక నుంచి ఆమె ఊపిరి వినిపిస్తోంది. రెండేళ్లుగా ఆ మాత్రం దగ్గరితనం కూడా దొరకలేదు. కుడి పక్క లేన్‌లో, వెనకవాళ్లు దాటుకుపోతుంటే పోనిస్తూ మెల్లగా నడిపాడు. గుడి ఇంకొంచెం దూరంలో ఉంటే బాగుండునని, ఇన్నేళ్లలో మొదటిసారి, ఆ దేవుడినే అడిగాడు.