అమ్మ డ్రైవింగ్ టెస్టు రోజు నేను పోసిన చెంబెడు నీళ్ళు

మా చిన్నప్పుడు... జూలై వచ్చిందంటే మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది కారు. నాన్న స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని బయటికెళ్ళి, దాన్ని స్టార్ట్ చేసి, బ్లోయర్ పెట్టి, చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చేవాడు. అది వాకిట్లో గురగురమంటూ వేడెక్కేలోపు మేం ఉప్మా తినేయాలి.

జూలైలో చలికాలం వచ్చే క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో, రిక్కార్టన్ పేటలో అద్దె ఇల్లు మాది. అమ్మానాన్నలు అనంతపురం ఎండల్లో పెరిగినవాళ్ళు, మంచు అంటే ఫ్రిజ్‌లో చూడడమే. జపాన్ నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ కారు... తాళం తిప్పగానే ఆడగొంతుతో ఆ భాషలో ఏదో పలకరించేది. ఏమనేదో మాకెవరికీ ఇప్పటికీ తెలియదు.

రాత్రి పడుకునే ముందు అమ్మ తన పాత నూలు చీరను కారు ముందు అద్దం మీద పరిచి, అంచులు తలుపుల్లో ఇరికించేది. తెల్లారేసరికి అది అప్పడంలా బిరుసెక్కేది. చీర కప్పడం మరిచిపోతే ఇక అట్లకాడే గతి... దోసెలు తిరగేసే ప్లాస్టిక్ అట్లకాడతో నాన్న అద్దం మీది మంచు గీకుతుంటే పక్కింటి ముసలాయన కిటికీలోంచి చూసి నవ్వేవాడు. వేడినీళ్ళు మాత్రం పోయకండి, అద్దం పగులుతుందని ఆయనే చెప్పాడు. నాన్నకు చెప్పాడు, అమ్మకు చెప్పాడు. నాకెవరూ చెప్పలేదు.

నాకు ఏడేళ్ళప్పుడు అమ్మకు డ్రైవింగ్ టెస్టు వచ్చింది.

అనంతపురంలో అమ్మ స్కూల్లో లెక్కలు చెప్పేది. ఇక్కడికొచ్చాక నాలుగేళ్ళు ఇంట్లోనే. చివరికి ఒక పని దొరికింది... ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించి, తిండి పెట్టి రావాలి. ఇంటింటికీ తిరగాలి కాబట్టి కారు నడపడం రావాలి, లైసెన్స్ ఉండాలి. శుక్రవారం టెస్టు పాసైతే సోమవారం నుంచి రమ్మన్నారు. ప్రతి ఆదివారం ఖాళీ పార్కింగ్ స్థలంలో నాన్న పక్కన కూర్చుని అరిచేవాడు, అమ్మ పెదవి కొరుక్కుంటూ నడిపేది. గురువారం రాత్రే కుర్తా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించుకుంది. ఆ హడావిడిలో అద్దానికి చీర కప్పడం మరిచిపోయింది.

పొద్దున్న నాన్న స్నానంలో ఉన్నాడు, అమ్మ దీపం పెడుతోంది. నాకో గొప్ప ఆలోచన వచ్చింది. మంచిపనికి వెళ్ళేటప్పుడు మా ఇంట్లో బండి కడిగి బొట్టు పెట్టడం ఆచారం. అమ్మ మరిచిపోయిందేమో, నేను చేస్తే పాసవుతుంది కదా అని...

కుంకుమ భరిణె తీసుకుని బయటికెళ్ళి ముందు బానెట్ మీద బొట్టు పెట్టేశాను. కడిగాక పెట్టాలని తర్వాత గుర్తొచ్చింది. బయట కుళాయి గడ్డకట్టి చుక్క నీళ్ళు రాలేదు. వంటింట్లో టీ కోసం అప్పుడే మరిగిన నీళ్ళున్నాయి. చెంబులో వంచుకుని, మసిగుడ్డతో పట్టుకుని, పీట వేసుకుని ఎక్కి... అద్దం మీద పోశాను.

టప్‌మని ఒక్కటే చప్పుడు. కింది మూల నుంచి బయల్దేరిన పగులు స్టీరింగ్ ఎదురుగా పైదాకా పాకింది. చెంబూ పీటా అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తాను.

నాన్న పగులు చూశాడు, చెంబు చూశాడు, బానెట్ మీద బొట్టు చూశాడు. అమ్మ పనే అనుకున్నాడు.

"ఎన్నితూర్లు చెప్పినాడు ఆ పెద్దాయన! నీకేమన్నా బుద్ధుందా? ఈ అద్దంతో టెస్టుకు ఎవురు ఒప్పుకుంటారు?"

అమ్మ కారు వైపు చూసింది. గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూసింది.

"తొందరలో పోస్తి," అంది.

నేను నోరు విప్పలేదు. ఆ రోజూ విప్పలేదు, ఆ తర్వాత చాలా ఏళ్ళు విప్పలేదు.

టెస్టు పోయింది. ఆ పని ఇంకెవరికో ఇచ్చేశారు. వారానికి అద్దం మారింది గానీ అమ్మ మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. ఇంటికి ఎవరొచ్చినా నాన్న అదే హాస్యం... "మా ఆవిడకు కారిస్తే వేడినీళ్ళతో తలంటు పోస్తుంది." అంకుల్స్, ఆంటీలు పగలబడి నవ్వేవాళ్ళు. అమ్మ కూడా నవ్వుతూ టీ కప్పులు అందించేది. నేను నా గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. నాన్నకు ఎవరూ నిజం చెప్పకుండానే ఆయన మూడేళ్ళ కిందట కన్నుమూశాడు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. గుడికైనా కూరగాయలకైనా, శాలువా కప్పుకుని బస్‌స్టాప్‌లో నిలబడుతుంది.

పోయిన వారం బాగా మంచు పడిన పొద్దున అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, అద్దం కరిగేదాకా ఇద్దరం కార్లో కూర్చున్నాం. అప్పుడు చెప్పేశాను. ఆ నీళ్ళు పోసింది నేనేనని.

"తెలుసులే పాపా. నీ వేళ్ళకంతా కుంకుమ ఉన్నింది కదా," అంది.

నేనడిగాను... మరి మళ్ళీ టెస్టుకు ఎందుకు వెళ్ళలేదమ్మా?

అమ్మ శాలువా అంచుతో అద్దం లోపలి ఆవిరి తుడిచింది. "పోదామనే ఉన్నింది. ఇంగోతూరి పోదాం రా అని ఎవురన్నా అంటారేమోనని చూస్తి. ఎవురూ అనలేదు."

ఎవరూ అంటే... నేను కూడా.

ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే చాలు, నేను టీ తాగేలోపు కారు దానంతటదే వేడెక్కుతుంది. చీరలు కప్పక్కర్లేదు, అట్లకాడలక్కర్లేదు. నిన్న తాళాలు అమ్మ చేతిలో పెట్టి, నేర్చుకుందాం రా అన్నాను. అరవై నాలుగేళ్ళ అమ్మ వాటిని కాసేపు చూసి, నా చేతిలోనే పెట్టేసి, ఎడమ పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

మీ ఇంట్లో కూడా మీ తప్పు తన మీద వేసుకున్న మనిషి ఉంటే కింద రాయండి... కానీ ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పండి. నేను ఆ రోజు నుంచి ముప్ఫై ఏళ్ళు దాటాక చెప్పాను, అప్పటికి అమ్మకు తాళాలు అక్కర్లేకపోయాయి.