బటన్ మీది బొట్టుబిళ్ళ

పెద్దమ్మ పోయిందని వదిన ఫోన్ చేసినప్పుడు నేను కోరుట్లలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పిల్లలకు లినక్స్ అనే కంప్యూటర్ సిస్టమ్ గురించి చెబుతున్నాను. "ఇది ఉచితం ఒక్కటే కాదు, మీ ఇష్టం కూడా. ఏది నచ్చితే అది మీరే ఎంచుకోవచ్చు" అని అప్పుడే గొప్పగా అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ మాట నాకే గుచ్చుకుంది.

పెద్దమ్మది సిరిసిల్ల. ఇంట్లో నడిచే మరమగ్గాలకు ఏళ్ళ తరబడి నూలు కండెలు చుట్టిన మనిషి. ఏ బట్ట చేతికిచ్చినా ముందు తిరగేసి చూసేది. "మీది దిక్కు కొనెటోని కోసం, ఎన్క దిక్కు ఎర్కున్నోని కోసం" అనేది. పెళ్ళిళ్ళలో ముక్కూమొహం తెలియనివాళ్ళ కొంగు పట్టుకుని తిరగేస్తుంటే మేం సిగ్గుతో చచ్చేవాళ్ళం.

పెద్దతనంలో ఆమెకు పట్టుకున్న పిచ్చి కంప్యూటర్లో పత్తాలాట, అదే పేకాట. ఆమె కొడుకు, మా అన్న, కొన్నాళ్ళు వాడి వదిలేసిన పాత కంప్యూటర్ అది. అందులో ఉన్న సిస్టమ్‌కు కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది, కొత్తదాన్ని ఆ పాత మిషన్ మోయలేదు. లినక్స్ పెడదాం, పైసా ఖర్చులేదన్నాను.

"పుణ్యానికి ఎవడిస్తడురా?" అంది అనుమానంగా.

దాన్ని ఎలా రాశారో ఎవరైనా విప్పి చూసుకోవచ్చని చెప్పాను. మొహం విప్పారింది.

"అంటే ఎన్క దిక్కు సూడనిస్తరన్నట్టు. అయితే మంచోళ్ళే."

లినక్స్‌లో ఒక వీలుంది. లోపల ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ పెట్టి నడిపి చూడవచ్చు. కంప్యూటర్ ఆపేస్తే అందులో మనం చేసిన మార్పులేవీ మిగలవు. రెండు పెన్‌డ్రైవ్‌లలో రెండు రకాల లినక్స్ తీసుకెళ్ళాను. మొదటిది జగిత్యాలలో మా ఇంట్లో నేను వాడేది. రెండోదానిలో అక్షరాలు చిన్నవే అయినా బొమ్మలు పెద్దవి, పత్తాలు ఎదురుగానే ఉన్నాయి. పెద్దమ్మ చీరల దుకాణంలో కూర్చున్నట్టు కూర్చుని రెండూ చూసింది. "గీ రెండోదే కావాలె కొడుకా" అంది.

నేను మొదటిదే ఎక్కించాను. ఏదైనా తేడా వస్తే ఫోన్లో చెప్పి సరిచేయడం నాకు తేలికని. పైగా నాకు తెలిసినంత ఆమెకేం తెలుసునన్న పొగరు.

"నేను చెప్పిందే పెట్టినవా?"

"రెండూ ఒకటే పెద్దమ్మా."

ఆమె కాసేపు తెర వంక చూసి "సరే తియ్యి" అంది. సకినాలు పెట్టింది, తిని వచ్చేశాను. తర్వాత ఒకసారి ఫోన్ చేసి "పత్తాలు యాడ దాగినయిరా?" అని అడిగింది. ఆదివారం వస్తానన్నాను. వెళ్ళలేదు. మళ్ళీ అడగలేదు కాబట్టి అలవాటైపోయిందనుకున్నాను.

దినాలయ్యాక వదిన నన్ను ఆ కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్ళింది. నేను మరిచిపోయి వచ్చిన రెండో పెన్‌డ్రైవ్ దానికే పెట్టి ఉంది, ఊడిపోకుండా నూలుపోగుతో కట్టి. కీబోర్డు పై వరుసలో ఒక బటన్ మీద ఎర్ర బొట్టుబిళ్ళ. పెన్‌డ్రైవ్ నుంచి నడిపించడానికి ఆ రోజు నేను నొక్కిన బటన్ అదే.

"రోజు గిట్లనే పెట్టుకొని ఆడేది" అంది వదిన. "నువ్వు నొక్కుతుంటె సూసిందట. నీకు ఫోన్ చేస్తనంటె వద్దన్నది. పోరడు ఇష్టంగ పెట్టిపోయిండు, మనసు నొచ్చుకుంటడన్నది."

"పెన్‌డ్రైవ్‌తో నడిపితే ప్రతిసారీ అక్షరాలు చిన్నగానే వస్తాయి కదా వదినా?"

"రోజు పెద్దగ చేస్కునేది. ఒక్కోపారి శానసేపు పట్టేది. కండ్లు మసకలాయె."

ఆమె కోరింది ఒక్కసారి ఎక్కించి ఉంటే చాలు, ఒకసారి పెద్దవి చేసిన అక్షరాలు ఎప్పటికీ అలాగే నిలిచిపోయేవి. నా అరగంట పని అది. ఆమెకు రోజువారీ పని అయింది. పెద్దమ్మా, అబద్ధం చెప్పాను అని ఇప్పుడు గోడకు చెప్పుకోవాలి.

కంప్యూటర్ ఆన్ చేసి బొట్టుబిళ్ళ మీద వేలు పెట్టి నొక్కాను. ఆమె ఎంచుకున్నది వచ్చింది, ఎవరూ ఎన్నడూ ముట్టనంత కొత్తగా. అక్షరాలు ఆమె కళ్ళకు ఆనేంత పెద్దవి చేశాను. పత్తాలు తెరిచాను. వదిన అన్నానికి పిలిచింది. లేస్తే ఆపేయాలి, ఆపేస్తే అవి మళ్ళీ చిన్నవైపోతాయి. తెర మీద ముక్కలు పంచి ఉన్నాయి, నేను కదలలేదు.