రెండు చోట్ల రాయించిన మా సారు

మా సారు పోయారన్న కబురు సోమవారం ఉదయం వచ్చింది. ఫోన్ చేసింది ఆయన భార్య. "టీ తాగి కూకున్నారమ్మా, అలాగే ఎలిపోనారు" అని చెప్పి ఫోన్ పెట్టేశారు.

పలాసలో మేం పనిచేసే కిడ్నీ ఆసుపత్రిలో కంప్యూటర్ల బాధ్యత ఆయనది. అంతకుముందు చాలా ఏళ్లు టెక్కలిలో కంప్యూటర్ పాఠాలు చెప్పారు. నేను డేటాబేస్ పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్, పక్కనే వక్కపొడి పొట్లం. కోపం వస్తే కళ్లజోడు తుడుచుకునేవారు, అంతే.

డయాలసిస్ రోగుల వివరాల కోసం సర్వర్ తెప్పించినప్పుడు, అందులోని నాలుగు డిస్కులను ఎలా కలపాలో తేల్చాల్సి వచ్చింది. నేను రెయిడ్-5 అనే పద్ధతి చెప్పాను. మూడు డిస్కుల జాగా దక్కుతుంది; మిగిలిన జాగాలో రాసి ఉంచే లెక్క వల్ల, ఒకటి పాడైనా సమాచారం పోదు. సారు రెయిడ్-10 అన్నారు. డిస్కులు రెండు జతలు, జతలో రెండింటి మీదా ఒకటే రాత.

"సగం జాగా వదులుకుంటామా సార్?" అన్నాను.

కళ్లజోడు తుడుచుకున్నారు. "రా, వార్డులో కూకుందాం."

ఒక పూటంతా కూర్చున్నాం. నర్సులు ప్రతి మంచం దగ్గరా బీపీ, బరువు, మందు వివరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తూనే ఉన్నారు. సారు ఉద్దానం రైతులతో కొబ్బరి తోటల సంగతులు మాట్లాడి, మాట్లాడి, నా వైపు తిరిగారు.

"ఏటి సూసినావు?"

"ఆగకుండా రాస్తూనే ఉన్నారు సార్."

"అదీ. రెయిడ్-5లో సిన్న అంకె మార్చాలన్నా పాతది సదవాల, లెక్క మళ్లీ కట్టాల, రెండూ రాయాల. మన పనంతా రాతే కదేటి? జాగా సాలకపోతే ఇంకో డిస్కు కొనుక్కుంటాం. ఈళ్ల నిన్నటి బీపీ ఏ కొట్లో కొంటావు?"

రెయిడ్-10 పెట్టాం. దానితోనూ ఆయన తృప్తి పడలేదు. "జత డిస్కు మిషన్ పాడైతే కాస్తాది. మనమే సెయ్యి జారి సెరిపేస్తే కాయదు" అని రోజూ వేరే చోట ఇంకో కాపీ తీయించేవారు.

వానాకాలంలో ఒక ఉదయం డిస్కు ఒకటి ఆగిపోయింది. వార్డు నిండా రోగులు. పరుగున వెళ్లి సారును పిలుచుకొచ్చాను. సారు తొణకలేదు. పాతది ఊడదీసి కొత్తది తోశారు.

"దీని జతని సూసి రాసుకుంటాది. మిగతావాటి జోలికెల్లదు. నువ్వెల్లి టీ తాగు."

మధ్యాహ్నానికి రాసుకోవడం పూర్తయింది. వార్డులో ఒక్క కంప్యూటర్ తెర కూడా ఆగలేదు. ఏదో జరిగిందని కూడా అక్కడెవరికీ తెలియలేదు.

"మీరన్నదే రైటు సార్" అన్నాను.

"నువ్వు అడ్డం తిరిగినావు కాబట్టే నాను గట్టిగా ఆలోసించినాను" అన్నారు. నా తప్పును కూడా తన పనిలో భాగం చేసేశారు.

ఈ ఏడాది కొత్త సర్వర్ ఎంపిక సారు నాకే అప్పగించారు. కంపెనీ వాళ్లు పంపిన కాగితాలు తెరవకముందే వెళ్లి వార్డులో కూర్చున్నాను. భయం లేదు. ఏం చూడాలో నాకు తెలుసు.

ఆయన దహనం నౌపడ దగ్గర, సొంతూళ్లో జరిగింది. అంతా అయ్యాక తిరిగి వస్తుంటే రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. ఆ పూట డయాలసిస్ ముగించుకుని నేరుగా వచ్చేసిన నలుగురు దిగారు. చేతులకు అంటించిన దూది ఇంకా తీయలేదు. ఎండలో తెల్లగా మెరుస్తున్న ఉప్పుమళ్ల గట్టు మీద, ఒకరి వెనక ఒకరు, మెల్లగా పొగ వైపు నడిచారు.